ఉపమానంగా నిలబెట్టింది ఎవరిని? (మాటల చరిత్ర – 9వ భాగం)



పోయిన వారం ఛందస్సు గురించి మాట్లాడుకున్నాం. ఈ వారం అలంకారాలు. ఈ వరసను డిగ్రీ, పీజీ పిల్లలు, డీఎస్సీకి తయారయ్యేవాళ్ళు ఎక్కువగా చదువుతున్నారు కాబట్టి ముందే ఒక మాట. అలంకారాల జాబితా, లక్షణాలు ఏ గైడులోనైనా దొరుకుతాయి. లక్షణం రాసి, ఉదాహరణ రాసి, సమన్వయం రాస్తే మార్కులు పడతాయి. ఆ లక్షణాలను ఎవరు నిర్ణయించారు, ఉదాహరణల్లోకి ఎవరిని ఎందుకు లాగారు అన్నది మాత్రం గైడులో ఉండదు. ఈ భాగం దాని గురించి. అందుకోసం కాశ్మీరం దాకా ఒకసారి పోయి రావాలి. ఆ తర్వాత మదనపల్లె, పుంగనూరు, కుప్పం. మన పాత ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని ఈ మూడు ఊళ్ళలోనే మనకు కావలసిన సాక్ష్యం ఉంది.

1. ముందు సరుకు చూద్దాం

మదనపల్లె టమోటా మార్కెట్టునే తీసుకోండి. "ధర గాలిపటంలా ఎగిరింది" అంటే ఉపమ. ధర ఉపమేయం, అంటే మనం చెప్పదలుచుకున్న వస్తువు. గాలిపటం ఉపమానం, అంటే పోలిక కోసం తెచ్చుకున్నది. ఎగరడం సమానధర్మం. "లా" ఉపమావాచకం. పుస్తకాల్లో "వలె, పోలె, అట్లు" అని ఉంటాయి. మన పక్క నోళ్ళలో ఆడేది "మాదిరి". కుప్పం దాటి తమిళంలోకి పోయినా అదే "మాదిరి".

ఆ "లా" తీసేసి "ఈ ధర ఒక గాలిపటం, దారం దళారి చేతిలో ఉంది" అంటే రూపకం. రెంటికీ భేదమే లేదన్నాం. "చుక్కల్లో చుట్టాలను పలకరించడానికి పోయిందేమో ఈ ధర" అంటే ఉత్ప్రేక్ష. లేనిదాన్ని ఉన్నట్టు ఊహించాం. "ఒక్క బాక్సు అమ్మి మేడ కట్టినాడు" అంటే అతిశయోక్తి. తెల్లారుజామున దిగే లారీలు, హమాలీల వీపులు, నేల మీద కారిన రసం, వేలం పాడే గొంతులు, వీటిని ఉన్నది ఉన్నట్టు చెప్తే స్వభావోక్తి.

చదువు లేని మా అవ్వలు కూడా రోజుకు యాభై అలంకారాలు వాడతారు, పేర్లు తెలియకుండానే. కాబట్టి అలంకారం పండితుల సొత్తేమీ కాదు. పండితులు చేసింది వాటికి పేర్లు పెట్టడం, ఏది ఒప్పో ఏది తప్పో తీర్పు చెప్పడం. ఆ తీర్పుల దగ్గరే మనకు పని ఉంది.

2. దోషం ఎక్కడుంది?

భరతుడి నాట్యశాస్త్రంలో అలంకారాలు నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. శతాబ్దాలు గడిచేకొద్దీ అవి వంద దాటాయి. మన పక్కనే వేలూరును ఏలిన చినబొమ్మ నాయకుడి ఆదరణలో ఉన్న అప్పయ్య దీక్షితులు 16వ శతాబ్దంలో రాసిన "కువలయానందం"లో వంద పైచిలుకు అర్థాలంకారాలున్నాయి. సంస్కృతాంధ్రాలు చదువుకున్నవాళ్ళకు తరతరాలుగా అదే అలంకారాల వాచకం.

అన్నిటికీ తల్లి ఉపమ. ఉపమకు ఒక మూల నియమం ఉంది. ఉపమేయం కంటే ఉపమానం పేరున్నదై ఉండాలి, ఆ గుణంలో మిన్నగా ఉండాలి. ముఖం కంటే చంద్రుడు మిన్న, కాబట్టి చంద్రుడే ఉపమానం. వినడానికి ఇందులో తప్పేమీ కనిపించదు. ఎక్కువ తక్కువలు వస్తువుల మధ్య ఉన్నంతవరకూ పేచీ లేదు. మనుషుల మధ్యకు వచ్చినప్పుడు ఏమైందో చూడండి.

ఉపమలో దోషాలు ఏడని భామహుడు లెక్కపెట్టాడు. అందులో మొదటిది హీనత. క్రీ.శ. 800 ప్రాంతంలో కాశ్మీరంలో వామనుడు "కావ్యాలంకార సూత్రవృత్తి" రాస్తూ దాన్ని ఇంకా విడగొట్టాడు. ఉపమానం జాతిలో గానీ పరిమాణంలో గానీ ధర్మంలో గానీ తక్కువైతే అది హీనత్వ దోషం అన్నాడు. జాతిలో తక్కువ అంటే ఎట్లా ఉంటుందో ఒక ఉదాహరణ కూడా ఇచ్చాడు. ఎవరో కొందరు గొప్ప సాహసం చేశారు. ఆ సాహసాన్ని మెచ్చుకుంటూ వాళ్ళను చండాలులతో పోల్చిన వాక్యం అది.

ఇక్కడ ఆగి లక్షణ సమన్వయం చేయండి. ఉపమేయం ఉంది, ఉపమానం ఉంది, ఉపమావాచకం ఉంది. సమానధర్మం సాహసం. చండాలులకు సాహసం లేదని వామనుడు అనలేదు. లేకపోతే అది వేరే దోషం అయ్యేది, అసాదృశ్యం అని దానికి వేరే పేరుంది. ఇక్కడ పోలిక కుదిరింది. గుణం కుదిరింది. కుదరనిది ఆ గుణం ఉన్న మనిషి పుట్టుక ఒక్కటే.

దీనికి ఎదురు దోషం అధికత్వం. ఉపమేయం చిన్నదై ఉపమానం మరీ పెద్దదైతే అదీ తప్పే. జాతిలో అధికత్వానికి వామనుడు తెచ్చిన ఉదాహరణలో మహాబలులైన రుద్రులతో పోల్చింది ఎవరినో తెలుసా? విష్టులను. విష్టి అంటే కూలి లేకుండా చేయించుకునే చాకిరీ, ఆ చాకిరీ చేసే మనిషి. మన "వెట్టి" ఆ మాట నుంచి వచ్చిందే. బరువులు మోసే వెట్టివాడి బలాన్ని దేవుడి బలంతో పోల్చకూడదు. వీరుడి సాహసాన్ని అంటరానివాడి సాహసంతో పోల్చకూడదు. కింద ఉన్నవాడిని పైకి ఎత్తినా తప్పే, పైన ఉన్నవాడి పక్కన నిలబెట్టినా తప్పే. రెండు తలుపులూ మూసేసిన శాస్త్రం ఇది. తర్వాత 11వ శతాబ్దంలో మమ్మటుడి "కావ్యప్రకాశం" పదో ఉల్లాసంలోకీ ఆ చండాల ఉదాహరణ అట్లే నడిచి వచ్చింది. వామనుడికీ మమ్మటుడికీ మధ్య రెండు వందల ఏళ్ళకు పైగా ఉంది. అన్నేళ్ళలో ఆ ఉదాహరణ ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదన్నమాట.

మరి మనకు దగ్గరివాడు దండి ఏమన్నాడు? పల్లవుల కంచిలో, వామనుడి కంటే ముందు, 700 ప్రాంతంలో "కావ్యాదర్శం" రాసినవాడు. ఆయన కొంచెం నయం. ఉపమానం హీనమైనా అధికమైనా అది దానంతటదే దోషం కాదు, బుద్ధిమంతుల మనసుకు ఎబ్బెట్టు కలగనంతవరకూ పరవాలేదు అన్నాడు. సడలింపే, కాదనను. కానీ తాళం చెవి ఎవరి దగ్గర పెట్టాడో చూడండి: బుద్ధిమంతుల దగ్గర. ఆ తర్వాతి శాస్త్రకారులు ఆ మనిషికి సహృదయుడని పేరు పెట్టారు. ఉపమానంగా నిలబెట్టబడ్డ చండాలుడి మనసుకు ఎట్లా ఉంటుందని అడిగినవాడు ఈ మొత్తం శాస్త్రంలో నాకు కనిపించలేదు. అతను ఉదాహరణలో ఉన్నాడు, పాఠకుల్లో లేడు.

ఇప్పుడు మన పాఠ్యపుస్తకాల్లో ఈ ఉదాహరణ లేదు. అయితే ఆ నిచ్చెన మాత్రం వీధిలో పదిలంగా ఉంది. శాస్త్రం దోషమన్న హీనోపమను వీధి తిట్టుగా వాడుకుంటోంది. మాసిన బట్ట కట్టుకుంటే, గట్టిగా మాట్లాడితే, పంక్తిలో ముందే తింటే "ఫలానా కులపోడి మాదిరి" అనడం మీరందరూ విన్నదే. 1868లో కెప్టెన్ కార్ మద్రాసులో అచ్చువేసిన తెలుగు సామెతల సంపుటి తిరగేయండి. మన కులాల పేర్లు ఏ గుణాలకు ఉపమానాలుగా నిలబడ్డాయో పెన్సిలు పెట్టి గుర్తు పెట్టుకుంటూ పోండి. నా క్లాసులో ఒక పిల్లవాడు అడిగాడు, "ఇది తిట్టు కదా సార్, అలంకారం ఎట్లవుతాది?" అని. రెండూ అవుతుంది. తిట్టుకు పదును వచ్చేదే అలంకారం వల్ల.

3. మదనపల్లె: ఒక పిరమిడ్, ఒక సారథి

మదనపల్లెలో దివ్యజ్ఞాన సమాజం వాళ్ళ కాలేజీ 1915లో మొదలైంది. దాని వెనక ఉన్న పెద్ద పేరు అనీ బిసెంట్. సీమలో ఉన్నత చదువుకు అది చేసిన మేలు తక్కువది కాదు. అయితే బిసెంట్ 1909లో "ఇండియన్ రివ్యూ" పత్రికలో అణగారిన వర్గాల గురించి ఒక వ్యాసం రాశారు. అందులో ఆమె సమాజాన్ని ఒక పిరమిడ్‌గా చూపించారు. ప్రతి దేశంలోనూ ఆ పిరమిడ్ అడుగున అజ్ఞానంలో, భాషలోనూ అలవాట్లలోనూ అపరిశుభ్రంగా ఉండే ఒక పెద్ద వర్గం ఉంటుందన్నది ఆమె వాదం. అందుకే ఆ వర్గపు పిల్లలను మిగతా పిల్లలతో ఒకే బడిలో కూర్చోబెట్టవద్దన్నారు. ముందు శుభ్రత నేర్పాలట. అంబేద్కర్ 1945లో "కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్ళకు ఏం చేశారు" అన్న పుస్తకంలో ఈ వ్యాసాన్ని తవ్వి తీసి లోకం ముందు పెట్టారు.

రూపకం ఎట్లా పని చేస్తుందో దీంట్లో చూడండి. సమాజం "పిరమిడ్" అనగానే అడుగున ఒకడు ఉండటం రాతి కట్టడం లక్షణం అయిపోయింది. ఎవరూ తొక్కలేదు, ఎవరూ తోయలేదు. అడుగు రాయి లేకుండా పిరమిడ్ ఎట్లా నిలబడుతుంది? పోలిక పెట్టిన క్షణంలోనే నేరం మాయమైంది. ఉపమలో అయితే "లా" ఉంటుంది, ఇది పోలిక మాత్రమే సుమా అని గుర్తు చేస్తుంది. రూపకంలో ఆ గుర్తు కూడా ఉండదు. అందుకే రాజకీయాల్లో ఉపమ కంటే రూపకం ప్రమాదం. "దేశం ఒక శరీరం", "ఊరంతా ఒక కుటుంబం" లాంటివి విన్నప్పుడల్లా ఆ శరీరంలో నన్ను పాదం చేసిందెవరు, ఆ కుటుంబంలో నా పళ్ళెం ఎక్కడ పెట్టారు అని అడగడం నేర్చుకోవాలి.

అదే కాలేజీలో 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ కొన్నాళ్ళున్నారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్, ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ అతిథిగా. "జనగణమన"కు ఇంగ్లీషు అనువాదం టాగూర్ చేసింది ఇక్కడే. మార్గరెట్ స్వరం రాసుకుంది ఇక్కడే. ఊరు గర్వంగా చెప్పుకునే కథ ఇది. ఇందులో అలంకారశాస్త్రం వాళ్ళకు పనికొచ్చే ముక్క ఇంకోటుంది.

ఆ పాట మొదట పాడింది 1911 డిసెంబర్ 27న, కలకత్తా కాంగ్రెస్ సభలో. అదే నెలలో ఐదో జార్జి ఇండియాలో ఉన్నాడు. పాటలో భాగ్యవిధాత అని పిలిచింది ఎవరిని? యుగయుగాల రథాన్ని నడిపే సారథి అన్నది ఎవరిని? పాటలో ఉపమానమే ఉంది, ఉపమేయం పేరు లేదు. శాస్త్రంలో దీన్ని రూపకాతిశయోక్తి అంటారు. ఉపమేయాన్ని ఉపమానం మింగేస్తుంది. మింగేసిన చోట ఎవరి పేరైనా పెట్టుకోవచ్చు. ఆనాటి ఇంగ్లీషు పత్రికలు కొన్ని చక్రవర్తి పేరు పెట్టుకున్నాయి. ఆ నింద పోక 1937లో టాగూర్ ఒక ఉత్తరంలో, తాను అన్నది మనుషుల విధిని నడిపే శక్తిని గానీ ఏ జార్జినీ కాదని తేల్చి చెప్పుకోవలసి వచ్చింది.

టాగూర్ తన రూపకానికి అర్థం చెప్తే దేశం విన్నది, వినాలి కూడా. అదే ఒక మాదిగ కుర్రవాడు "మీరు వాడిన పోలికకు నాకు తగిలిన అర్థం ఇదీ" అంటే ఎవరు వింటున్నారు? "నువ్వు అట్లా అనుకున్నావు, నేను అట్లా అనలేదు" అంటారు. వాడు సహృదయుల జాబితాలో లేడు కదా.

4. పుంగనూరు: తిట్టు స్తోత్రమైన చోట

పుంగనూరు అనగానే బయటివాళ్ళకు పొట్టి ఆవు గుర్తొస్తుంది. మనకు సుగుటూరు గంగమ్మ జాతర గుర్తొస్తుంది. పుంగనూరు జమీందార్ల ఇలవేల్పు ఆమె. జాతరలో అమ్మవారిని నిలిపేది జమీందారీ ప్యాలెస్‌లోనే. పక్కనే చౌడేపల్లె దగ్గర బోయకొండ గంగమ్మ, ఇటు కుప్పంలో తిరుపతి గంగమ్మ, అటు తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ. మన జిల్లా మొత్తం గంగమ్మల జిల్లా.

తిరుపతి గంగమ్మ జాతరలో రోజుకొక వేషం. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి. వేషం కట్టినవాళ్ళు బూతులు తిడతారు. ఆ తిట్లు అమ్మవారికి మొక్కు. ఇది అలంకారమేనా? అవును. నిందలా కనిపించే స్తుతి, స్తుతిలా కనిపించే నింద, ఈ రెంటినీ శాస్త్రం వ్యాజస్తుతి కింద చెప్తుంది. పుస్తకంలో ఉదాహరణలు సభామర్యాద దాటవు. జాతరలో అదే అలంకారం వీధిలో నిలబడి గొంతు చించుకుంటుంది. ఆలంకారికులు దాన్ని గ్రామ్యం అన్నారు. గ్రామంలో పుట్టడమే దోషానికి పేరైపోయింది.

వేషాల పేర్లు మళ్ళీ చూడండి. తోటి అంటే ఊరి చాకిరీ చేసే దళితుడు. దొర అంటే ఏలేవాడు. రెండూ వరస వేషాలు. తోటి వేషాన్ని ఎవరైనా కట్టవచ్చు, కట్టినన్నాళ్ళు పుణ్యం. తోటిగా పుట్టినవాడికి ఆ వేషం విప్పేది లేదు. మాతంగి సంగతి ఇంకా లోతైనది. థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన "దక్షిణ భారతదేశపు కులాలు, తెగలు" నాలుగో సంపుటిలో మాదిగల గురించి రాస్తూ మాతంగిని వర్ణించాడు. అమ్మవారు పూనిన మాదిగ స్త్రీ ఆమె. ఊరిలోని పై కులాలవాళ్ళ మీద ఉమ్ముతుంది, పేరు పెట్టి తిడుతుంది. ఏడాదంతా ఎవరి నీడ మైలో ఆమె ఉమ్మి ఆ రోజు శుద్ధి చేస్తుంది. పెద్దకులాలవాళ్ళు తల వంచి పట్టించుకుంటారు.

దీన్ని తిరుగుబాటు అని మనవాళ్ళలో కొందరు పొంగిపోతారు. నేను అంత దూరం పోను. తిట్టడానికి మాతంగికి నోరిచ్చింది జాతర. జాతర అయ్యాక ఆ నోరు తిరిగి తీసుకున్నారు. వ్యాజస్తుతికి ఒక ఇబ్బంది ఉంది: వినేవాడు దాన్ని స్తుతిగా తీసుకోవడానికి ముందే ఒప్పుకుని ఉంటేనే అది నడుస్తుంది. ఒప్పుకున్న నాలుగు రోజులు తిట్టు దీవెన. ఐదో రోజు అదే మాదిగ స్త్రీ అదే మాట అంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఆ నాలుగు రోజుల జ్ఞాపకం వృథా అని కూడా నేననను. తిట్టే శక్తి మన నోట్లో ఉందని ఊరికి తెలుసు. అందుకే దానికి తేదీలు పెట్టి కట్టేసింది.

ఆవు మాటా ఒకటి చెప్పాలి. ఆవు బతికున్నప్పుడు సాధుత్వానికి ఉపమానం. పశువు చచ్చాక దాని తోలు తీసినవాడు మైలకు ఉపమానం. ఆ తోలుతో బిగించిన పలక లేకుండా మాత్రం ఏ గంగమ్మా వీధిలోకి రాదు.

5. కుప్పం: చెప్పు, పఱై

కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, బస్సెక్కితే కన్నడం. ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో ఇక్కడ పెట్టిందీ అందుకే. ఈ పక్క ఊళ్ళలో ధర్మరాజుల గుడుల దగ్గర మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, ఆఖరున మట్టితో పోసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ, ఆపైన నిప్పులగుండం. నాటకంలో రాజు పద్యం పాడితే దానికి అర్థం తాత్పర్యం బఫూన్ చెప్తాడు, వెక్కిరిస్తూ. రెండు మూడు భాషలు కలిసి బతికే చోట ఒకే మాటకు రెండర్థాలు పలికించడం, అంటే శ్లేష, కొత్తగా నేర్పనక్కరలేదు.

శ్లేష అనగానే మన పండితులు వసుచరిత్ర పట్టుకుంటారు. నేను రెండే మాటలు చెప్తాను. మొదటిది "చెప్పు". కాలికి తొడిగేది చెప్పు. నోటితో పలికేది "చెప్పు". చెప్పు కుట్టినవాడికే చెప్పు వేసుకుని ఊరి వీధిలో నడిచే హక్కు లేదు, చేత పట్టుకుని నడవాలి. చెప్పే హక్కు అసలే లేదు. రెండో మాట సరిహద్దు అవతలిది. తమిళంలో "పఱై" అంటే తోలు వాయిద్యం. పాత తమిళంలో అదే ధాతువుకు పలకడం, చాటడం అనే అర్థం కూడా ఉంది. మలయాళంలో ఇప్పటికీ "పఱయుక" అంటే చెప్పడమే. తోలు పని చేసిన రెండు జాతుల దగ్గర, రెండు భాషల్లో, తోలు వస్తువు పేరూ మాట్లాడటమూ ఒకే శబ్దంలో పలుకుతున్నాయి. తెలుగు మాట విషయంలో ఇది కాకతాళీయమే. అయినా శ్లేషకు వ్యుత్పత్తి అక్కరలేదు. శబ్దం ఒకటైతే చాలు.

ఆ పఱై వాయించిన పఱైయర్ల పేరు ఏమైందో చూడండి. 17వ శతాబ్దం నుంచి ఇంగ్లీషువాళ్ళు ఆ కులనామాన్ని "పరయా" అని తీసుకుపోయారు. ఇంగ్లీషులో అది సమాజం వెలివేసిన ఎవరికైనా ఉపమానం అయింది. మాక్స్ వెబర్ యూదులను పరయా జనం అన్నాడు. హన్నా ఆరెంట్ 1944లో యూదుడిని పరయాగా చూస్తూ పేరుపొందిన వ్యాసం రాసింది. ఆమె దృష్టిలో ఆ మాట ఆత్మగౌరవం ఉన్న బహిష్కృతుడిది. అంతకు ముందే 1899లో ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ ఒంగోలు వైపు మాదిగల కథలను "చెప్పులు కుడుతూ" అన్న పేరుతో లండన్‌లో అచ్చు వేయించింది. దాని ఉపశీర్షికలో మాదిగలు "తెలుగు పరయా తెగ". ఒక తమిళ కులం పేరు తెలుగు కులానికి ఉపమానమై, అక్కడి నుంచి ప్రపంచానికి ఉపమానమై తిరుగుతోంది. ఇప్పటికీ ఇంగ్లీషు వార్తల్లో ఏదో దేశాన్ని "పరయా స్టేట్" అంటారు. రాసేవాడికి ఆ మాట వెనక పలక కొట్టే మనిషి ఉన్నాడని తెలియదు. ఉపమానం అయిపోయిన మనిషి మనిషిగా కనిపించడం మానేస్తాడు.

6. కోర్టులో మూడు అర్థాలు

ఇదంతా సాహిత్య చర్చే కదా అనుకుంటున్న కార్యకర్తల కోసం ఈ ముక్క.

మాటకు మూడు శక్తులని శాస్త్రం చెప్తుంది. అభిధ నేరుగా వచ్చే అర్థం. నేరు అర్థం పొసగనప్పుడు దానికి ఆనుకున్న అర్థం తీసుకుంటే లక్షణ. "గంగలో గొల్లపల్లె" అన్నది పాత ఉదాహరణ. నీళ్ళలో పల్లె ఉండదు కాబట్టి గంగ ఒడ్డున అని తీసుకోవాలి. మూడోది వ్యంజన: గంగ అన్నందువల్ల ఆ పల్లె చల్లదనం, పవిత్రత కూడా స్ఫురిస్తాయి. ఆనందవర్ధనుడు 9వ శతాబ్దంలో "ధ్వన్యాలోకం" కట్టింది ఈ మూడోదాని మీదే. ఇప్పుడు మన జిల్లా రోడ్ల పక్క బోర్డులు చదవండి. ఊరి పేరు పక్కన "ఏఏడబ్ల్యూ" అని ఉంటుంది, ఆది ఆంధ్ర వాడ. 1917లో బెజవాడ సభలో, భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన, పంచములన్న పేరు కాదని మనవాళ్ళు నిలబెట్టుకున్న పేరు అది, ఈ నేలకు మేమే మొదటివాళ్ళమని చెప్పే పేరు. అభిధలో అది గర్వం. బోర్డు చూసి బండి ఆపని మనిషికి స్ఫురించేది వేరే. వ్యంజన వాక్యంలోనే ఉండదు, వినే సమాజంలో ఉంటుంది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015 సవరణ తర్వాత 3(1)(ఆర్) సెక్షన్ అవమానించాలన్న ఉద్దేశంతో చేసే అవమానానికి, 3(1)(ఎస్) కులం పేరుతో దూషించడానికి. రెండింటికీ నలుగురికీ కనిపించే చోట జరిగి ఉండాలి. 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఒక ప్రశ్న వచ్చింది. "చమార్" అన్నది ఒక కులం పేరే కదా, కులం పేరు పలికితే తిట్టెట్లా అవుతుంది? కోర్టు చెప్పింది: ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు కాదు చూడాల్సింది, ఈ రోజు జనం దాన్ని ఏ అర్థంలో వాడుతున్నారో చూడాలి. అవమానించే ఉద్దేశంతో అంటే నేరమే. అలంకారశాస్త్రం భాషలో చెప్పాలంటే, నిందితుడు అభిధ దగ్గర దాక్కున్నాడు, కోర్టు వ్యంజన దాకా వెళ్ళి పట్టుకుంది. వామనుడి కాలం నుంచి లెక్కపెడితే పన్నెండు వందల ఏళ్ళు పట్టింది, ఉపమానంగా నిలబెట్టినవాడి వైపు నుంచి వాక్యాన్ని చదవడానికి.

కాబట్టి స్టేషన్‌కు పోయేటప్పుడు గుర్తుపెట్టుకోండి. ఫిర్యాదులో "కులం పేరుతో తిట్టారు" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. వాక్యం మొత్తం రాయండి. ఏ పనిని ఏ కులంతో పోల్చారు, "మాదిరి" అన్నారా, సామెత వేశారా, ఎవరెవరు విన్నారు, ఎక్కడ నిలబడి అన్నారు, అంతా రాయండి. "నేను సామెత చెప్పాను గానీ అతన్ని ఏమీ అనలేదు" అన్నదే రేపు అవతలి వకీలు వాదన. ఉపమేయం ఎవరో, ఉపమానం ఎవరో, సమానధర్మం పేరుతో అంటగట్టింది ఏమిటో మీ వాక్యంలో విడమరచి ఉంటే ఆ వాదన నిలబడటం కష్టం. క్లాసులో చేసే లక్షణ సమన్వయం ఇక్కడ పనికొస్తుంది.

7. ఉపమానం మార్చినవాళ్ళు

బ్రహ్మంగారి కథలో మాదిగ కక్కయ్య గుర్తున్నాడా? శరీరంలో ఆరు చక్రాలున్నాయని, వాటిలో దేవతలున్నారని స్వామి శిష్యులకు చెప్తుంటే కక్కయ్య దూరంగా నిలబడి విన్నాడు. ఇంటికి పోయి భార్య దేహాన్ని కోసి చూశాడు. ఏ దేవతా కనిపించలేదు. తిరిగొచ్చి నిలదీశాడు. స్వామి ఆమెను బతికించి కక్కయ్యను శిష్యుడిగా తీసుకున్నాడని కథ. దీన్ని మూఢుడి కథగా చెప్పుకుని నవ్వుతారు. నాకు అందులో వినిపించేది వేరు. రూపకం దగ్గర కూర్చున్నవాళ్ళకు దాని మర్మం చెప్పారు. దూరంగా నిలబెట్టినవాడికి శబ్దం మాత్రమే చేరింది. ఆ దూరానికి మూల్యం చెల్లించింది ఎవరో చూడండి, పేరు కూడా చాలామందికి గుర్తులేని ఒక మాదిగ ఆడమనిషి. అలంకారం చదువు అందరికీ ఎందుకు కావాలంటే ఇందుకు.

చదువు అందినప్పుడు ఏం జరిగిందో గుర్రం జాషువా చూపించాడు. కాళిదాసు యక్షుడు మేఘాన్ని దూతగా పంపాడు. జాషువా 1941లో "గబ్బిలం" రాశాడు. ఇంట్లోకి వస్తే అపశకునమని తరిమే గబ్బిలాన్ని ఒక అంటరానివాడు దూతగా చేసుకుంటాడు. గుడిలోకి తాను పోలేడు, అది పోగలదు. పూజారి లేని సమయం చూసి దేవుడి చెవిలో తన కష్టం చెప్పమని పంపుతాడు. సందేశ కావ్యం చట్రం మొత్తం పాతదే. మార్చింది దూతను ఒక్కదాన్నే. ఆ ఒక్క మార్పుతో కాళిదాసు విరహం అంటరానితనమైంది. నాలుగు వర్ణాల వ్యవస్థను నాలుగు పడగల పాముగా చూపించిన రూపకమూ ఆయనదే. బిసెంట్ పిరమిడ్ పక్కన ఆ పామును పెట్టి చూడండి. పిరమిడ్‌లో కాటు వేసేవాడెవడూ లేడు. పాములో ఉన్నాడు. ఒకే సమాజానికి రెండు రూపకాలు. ఏది నిజమో నిర్ణయించేది అడుగున ఉన్నవాడి అనుభవం.

ఆఖరుగా "దళిత" అన్న మాట. విరిగిన, చీలిన అని దాని అర్థమని అందరికీ తెలుసు. సంస్కృత నిఘంటువు తెరిస్తే ఇంకో అర్థం కూడా ఉంది: విచ్చుకున్న, వికసించిన. మొగ్గ పగిలితేనే పువ్వు కాబట్టి రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. ఇది ఎవరూ కల్పించిన శ్లేష కాదు, నిఘంటువులోనే ఉంది. మన పేరును మనమే పెట్టుకున్నాం. ఏ అర్థం ఎప్పుడు పలకాలో కూడా మనమే చెప్తాం.

పరీక్ష రాసే పిల్లలకు ఒక పని. ఈ వారం మీ ఊళ్ళో, బస్సులో, కాలేజీలో విన్న పది పోలికలు రాసుకోండి. ప్రతిదానికీ ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం గీసి చూపించండి. దాని కింద గైడులో లేని గళ్ళు రెండు గీయండి. ఆ ఉపమానంగా నిలబడ్డవాళ్ళు అక్కడ ఉన్నారా? ఉంటే వాళ్ళకు మాట్లాడే వీలుందా? ఈ రెండింటికీ జవాబు రాయండి.

వచ్చే వారం 10వ భాగం: గ్రామ్యం. చిన్నయసూరి నుంచి గిడుగు దాకా మన మాటను ఎవరు బయట పెట్టారు, ఎవరు లోపలికి పిలిచారు, పిలిచినప్పుడు మనల్నీ పిలిచారా.

జై భీమ్.